నాలుగో పాటలో కెటిల్

నా ఉద్యోగం టేపు తిప్పడం, టీ పెట్టడం.
హల్ రేవులో
ఒకప్పుడు హెరింగ్ చేపలకు పొగబెట్టిన కొట్టం, మా స్టూడియో.
వాన పడితే ఇటుకలు ఇంకా చేపవాసన వేసేవి.
ఎంత ఖరీదైన మైకు తెచ్చినా
అదొక్కటే టేపుకి ఎక్కలేదు.

సాల్ట్ యార్డ్ అని పేరు పెట్టుకున్న నలుగురు.
లోర్నా గొంతు, క్లైవ్ గిటారు,
బేస్ మీద డెంజిల్, మాట తక్కువ మనిషి.
డ్రమ్ముల వెనక రొవీనా.
తెల్లవారుజామున బేకరీలో పిండి పిసికిన చేతులు
సాయంత్రం మాత్రం ఎవరి మాటా వినేవి కావు.

మొదట ఫెన్విక్ వచ్చాడు.
ఒకే మైకు. దాన్ని తీసుకెళ్లి మెట్ల మీద పెట్టాడు,
వాయించేవాళ్లకి వీపు తిప్పి.
"గదిని పట్టు, మనుషులు వాళ్లే దొరుకుతారు" అన్నాడు.
క్లైవ్ తప్పు తీగ మీటి నాలుక కరుచుకుంటే
"ఉండనీ, అది నీదే" అన్నాడు.
ఒక్క రోజులో అయిపోయింది.
పక్కింటి గొడవని గోడకి చెవి ఆనించి విన్నట్టుంటుంది ఆ రికార్డు.
ఎనిమిది వందలు అమ్ముడుపోయాయి,
అందులో నలభై రొవీనా వాళ్ల బేకరీలోనే.

రెండోసారి కంపెనీ మెర్సర్ గారిని పంపింది.
ఆమె పెట్టెలో మూడు స్టాప్‌వాచీలు, ఒక తెల్ల చేతిరుమాలు.
నలుగురినీ నాలుగు గదుల్లో పెట్టి
తలుపులకి దుప్పట్లు కొట్టించింది. మేకులు నేనే కొట్టాను.
ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా
ఒకే పాట అరవై ఒక్క సార్లు.
క్లైవ్ గిటారు మీద క్లైవ్ గిటారు,
దాని మీద మళ్లీ క్లైవే,
మొత్తం పన్నెండు మంది క్లైవులు ఒక వరసలో.
విని వాడు మెల్లగా అడిగాడు,
"నేనింత పొడుగ్గా ఉంటానా?"

రేడియోలో మోగింది. డబ్బులొచ్చాయి.
రొవీనా కాలి దెబ్బ మాత్రం అందులో లేదు.
రాత్రి అందరూ వెళ్లాక
మెర్సర్ ఒక తోలు సూట్‌కేసుని పిడికిలితో గుద్దుతూ
గడియారం తప్పకుండా
దాని చోట దీన్ని అతికించింది.
టేపు తిప్పింది నేను.
రొవీనా రెండుసార్లు విన్నది.
కోటు తొడుక్కుని వెళ్లింది. ఏమీ అనలేదు.
నాకు ఇప్పటికీ వినబడేది ఆ ఏమీ అనకపోవడమే.

మక్కానల్ వచ్చేసరికి
వాళ్లు ఒకరితో ఒకరు నా ద్వారా మాట్లాడుకుంటున్నారు.
నాలుగు రోజులు అతను నోరు విప్పలేదు,
టీ తాగాడు, అంతే.
ఐదో రోజు మీటలు ఒక్కొక్కటే కిందికి దించడం మొదలుపెట్టాడు.
పన్నెండు మంది క్లైవుల్లో పదకొండు మంది ఇంటికెళ్లిపోయారు.
డెంజిల్ ఊపిరి వినబడింది. పదేళ్లలో మొదటిసారి.
దుప్పట్లు ఊడదీయించాడు.
రొవీనాని అడిగాడు, "చెప్పులు విప్పేస్తావా?"

అప్పుడే నేను వంటగది తలుపు వేయడం మర్చిపోయాను.
లోర్నా చివరి మాటని సాగదీస్తోంది,
కెటిల్ ఈల వేసింది,
సరిగ్గా ఆమె శ్రుతిలో, ఒక్క వెంట్రుక మీదుగా.
నేను పరిగెత్తబోతే
మక్కానల్ చెయ్యి ఎత్తాడు. కూర్చో.

ఇప్పటికీ జనం వాదించుకుంటారు,
గిటారు తీగ మీద సీసాతో రాశాడా, వేలితోనా అని.
క్లైవ్ ఒక పత్రికకి వివరంగా చెప్పాడు కూడా,
ఏ వేలో, ఏ సీసానో.

మొన్న కొట్టం అమ్మేశారు. జిమ్ కడతారట.
బీరువా అడుగున నాకొక టేపు దొరికింది.
ఫెన్విక్ కన్నా ముందు, ఎవరూ రాకముందు,
నలుగురూ చలికి వణుకుతూ వాయించుకున్నది.
పదకొండు నిమిషాలు.
ఇదీ అసలు వాళ్లు, అనుకున్నాను, గుండె కొట్టుకుంటుంటే.

విన్నాను.
డ్రమ్ములు దూరంగా, హీటర్ రొద దగ్గరగా,
లోర్నా ఎడమ పక్క నుంచి మాత్రమే.
అప్పుడు గుర్తొచ్చింది:
ఆ రోజు మైకు పెట్టింది నేనే,
హీటర్ పక్కన,
కేబుల్ అక్కడిదాకే వచ్చింది మరి.